మీ పిల్లాడికి ఎన్ని మాటలు వచ్చో ఇంట్లోనే కొలవడం ఎలా

బెజవాడ, గుంటూరుల్లో ఏ ఇంగ్లీష్ మీడియం స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టినా ఒక మాట ఖాయం: "మావాడికి వొకాబులరీ లేదండీ". లేదని ఎలా తెలిసిందంటే ఏదో పేపర్లో మార్కులు తగ్గాయని, లేదా చుట్టాలొచ్చినప్పుడు ఇంగ్లీషులో నోరు విప్పలేదని చెబుతారు. అది కొలత కాదు. కొలవాలంటే ముందు కొన్ని తేల్చుకోవాలి. వింటే అర్థమయ్యే మాటలు లెక్కపెడుతున్నారా, సొంతంగా నోటితో వాడేవా? అర్థమయ్యేవి మామూలుగానే ఎక్కువుంటాయి, అందుకని ఈ రెండూ ఒకే కాగితం మీద కలిపేయకండి.

రెండోది, ఒక మాట అని దేన్ని అంటారు. తెలుగులో "వెళ్ళు" ఒక్కదానికే వెళ్ళాను, వెళ్దాం, వెళ్ళొద్దు, వెళ్ళేటప్పుడు అని బోలెడు రూపాలు. అన్నిటినీ కలిపి ఒక్కటిగానే వేయండి, లేకపోతే తెలుగు లెక్క ఊరికే ఉబ్బిపోయి ఇంగ్లీషుతో పోల్చడానికి పనికిరాదు. మరి బస్సు, ఫ్యాను, టేబుల్? నేనైతే రెండు భాషల ఖాతాల్లోనూ వేస్తాను, వాటిని అమ్మమ్మ కూడా రోజూ అంటుంది కదా. మీరు ఇంకోలా వేసుకున్నా తప్పులేదు గానీ మధ్యలో రూలు మార్చకండి.

రెండున్నరేళ్ళ లోపు పిల్లలకి పరీక్ష పెట్టి లాభం లేదు, కొత్త మనిషిని చూస్తే నోరే తెరవరు. ఆ వయసుకి అమ్మానాన్నలతో టిక్కులు పెట్టించే పట్టిక వాడతారు. మెకార్థర్-బేట్స్ అని ఒకటుంది, 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసిన దాని ఇంగ్లీష్ ఫారంలో 680 మాటలుంటాయి. మీరు ఇంట్లో రాసుకునేటప్పుడు బువ్వ, లాల, జోజో లాంటివన్నీ వేయండి. పలకడం సరిగ్గా లేకపోయినా, ఎప్పుడూ అదే వస్తువుకి అదే మాట అంటుంటే అది మాటే. మీరు అనగానే వెంటనే తిరిగి అన్నది మాత్రం వేయొద్దు. రెండేళ్ళు నిండినా రెండు భాషల్లో కలిపి యాభై మాటలు కూడా లేకుండా, "అమ్మా రా" లాగా రెండు మాటలు జోడించడం కూడా లేకపోతే, మాటలు అవే వస్తాయిలే అని కూర్చోకుండా ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి.

మూడేళ్ళు దాటాక బొమ్మలతో పని. నాలుగు బొమ్మలు ముందు పెట్టి "చేట ఏది?" అని అడిగితే వేలు పెట్టి చూపించాలి. 1959లో వచ్చిన పీబాడీ టెస్టు ఈ పద్ధతిదే, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ దాన్ని తెచ్చి తెలుగులోకి మార్చి అడగొద్దు. అందులో మాటలు తేలిక నుంచి కష్టానికి వరసగా పేర్చి ఉంటాయి, భాష మారగానే ఆ వరస తప్పుతుంది. ఇంగ్లీషులో కష్టమైన మాట తెలుగులో చంటిపిల్లాడికి తెలిసినదై ఉండొచ్చు. మీ ఫోన్‌తోనే రోలు, గరిటె, తాళం, గొడుగు ఫోటోలు తీసుకోండి. పక్కన పెట్టే మిగతా మూడు బొమ్మలూ కాస్త దగ్గరివై ఉండాలి, చేట పక్కన ఏనుగునీ విమానాన్నీ పెడితే తెలియకపోయినా చెప్పేస్తాడు. ఎలాగూ నాలుగింట్లో ఒకటి గుడ్డిగా కొట్టినా తగులుతుంది, అంచేత నలభైకి పది వచ్చాయంటే పది తెలుసని కాదు, అసలేమీ తెలియకపోయినా అన్ని వస్తాయని.

ఇక చాలామంది ఆగిపోయే చోటు రెండు భాషల లెక్క. ముప్పై బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారనుకోండి. తెలుగులో 17 చెప్పాడు, మరో రోజు ఇంగ్లీషులో అడిగితే 15 చెప్పాడు, రెండింట్లోనూ చెప్పినవి 8. అంటే ఏదో ఒక భాషలోనైనా పేరు తెలిసినవి 17కి 15 కలిపి 8 తీస్తే 24. టీచర్‌కి కనిపించేది 15, నాయనమ్మకి కనిపించేది 17, పిల్లాడి దగ్గరున్నది 24. రంగులు, అంకెలు ఇంగ్లీషులో, కూరలు, వరసలు తెలుగులో నేర్చుకునే పిల్లల్ని ఒక్క భాషలో కొలిచి వెనకబడ్డాడనడం అన్యాయం. ఏ భాషలో ఏవి లోటో మాత్రం విడిగా రాసి పెట్టుకోండి, తర్వాత నేర్పడానికి అదే పనికొస్తుంది.

హైస్కూల్, ఇంటర్ పిల్లల ఇంగ్లీషుకి రెడీమేడ్ టెస్టులున్నాయి. పాల్ నేషన్, డేవిడ్ బెగ్లార్ 2007లో తెచ్చిన వొకాబులరీ సైజ్ టెస్ట్‌లో 140 ప్రశ్నలు, ఎక్కువగా వాడే మాటల నుంచి అరుదైనవాటి దాకా వెయ్యికి పది చొప్పున. వచ్చిన మార్కుని వందతో గుణిస్తే సుమారు ఎన్ని పదకుటుంబాలు (ఒక మాటా దాని రూపాలూ కలిపి ఒకటి) తెలుసో వస్తుంది. 45 వస్తే 4500 అన్నమాట. ఇదీ ఆప్షన్ల టెస్టే కాబట్టి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) అలవాటుతో నాలుగింట్లో మూడు కొట్టేసి జవాబు పట్టే మనవాళ్ళకి కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఆ తెలివికి విరుగుడు దొంగ మాటలు. "ఈ మాట తెలుసా, తెలియదా" అని అడుగుతూ అసలు మాటల మధ్య లేని మాటలు కలుపుతారు. లెక్స్‌టేల్ అనే టెస్టులో 40 అసలువి, 20 కల్పితాలు. అసలువాటిలో 32 గుర్తుపట్టాడు, అంటే 80 శాతం, కల్పితాల్లో 12 లేవన్నాడు, 60 శాతం, సగటు 70. అన్నిటికీ తెలుసు తెలుసు అన్నవాడికి ఒకవైపు నూరు, ఒకవైపు సున్నా, మొత్తం 50. తెలుగుకీ ఇలా చేసుకోవచ్చు, "నొడిమ", "చెగుబడి" లాంటివి పుట్టించి. కాకపోతే మీరు పుట్టించింది పల్నాడులో ఏ ఊళ్ళోనో నిజంగా వాడే మాట అయి ఉండొచ్చు, ముందు ఇద్దరు పెద్దవాళ్ళని అడిగి చూసుకోండి.

ఎన్ని వచ్చో తెలిశాక, ఎంత లోతుగా వచ్చో చూడాలి. మాటకి ఐదు మెట్లు వేయండి: ఎప్పుడూ చూడలేదు, చూశాను గానీ అర్థం తెలీదు, ఇదేమో అనుకుంటున్నాను, కచ్చితంగా తెలుసు, వాక్యంలో వాడతాను. ఐదోది నోటిమాటగా ఒప్పుకోవద్దు, వాక్యం రాయించాల్సిందే. "రిలక్టెంట్" అంటే "ఇష్టం లేని" అని టకటకా రాసే కుర్రాడు వాక్యం అడగ్గానే "ఐ రిలక్టెంట్ కాఫీ" అంటాడు. అర్థం నిజంగానే వచ్చు, వాడకమే రాలేదు. అదే కుర్రాడిది మిర్చి వ్యాపారం చేసే ఇల్లయితే "తాలు" (రంగు పోయిన నాసి కాయలు) అని అడిగి చూడండి: "ఈ టిక్కీలో (మిర్చి బస్తాలో) తాలు ఎక్కువుంది, రేటు పలకదు" అని తడుముకోకుండా అనేస్తాడు. పాఠ్యపుస్తకంలోంచి తీసిన లిస్టుకి ఈ మాట తగలదు. అందుకే లిస్టులో సగం పుస్తకం నుంచి, సగం ఇంటి నుంచీ వీధి నుంచీ ఏరుకోండి.

వ్యాకరణం ఎక్కిందో లేదో చూడాలంటే 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు చేసిన పని చేయండి. పిచ్చి బొమ్మ గీసి "ఇది సొండు, ఇప్పుడు రెండున్నాయి, రెండు ఏంటి?" అని అడగండి. "సొళ్ళు" అన్నా "సొండ్లు" అన్నా "సొండులు" అన్నా దిద్దకుండా రాసుకోండి. ముందెప్పుడూ వినని మాటకి బహువచనం చెప్పాడంటే బట్టీ పట్టలేదు, రూలు పట్టుకున్నాడని.

మాటలు రికార్డు చేసి ఎన్ని రకాల పదాలు వాడాడో చూసేవాళ్ళు ఒకటి గమనించండి: ఎంత ఎక్కువ మాట్లాడితే అవే మాటలు అంతగా తిరిగి వస్తాయి, మొత్తం మాటల్లో వేర్వేరు పదాల నిష్పత్తి దానంతటదే పడిపోతుంది. కాబట్టి ఎవరిదైనా మొదటి వంద మాటలే తీసుకుని పోల్చండి.

స్కూలూ ట్యూషనూ అయ్యి పిల్లాడు సోలిపోయిన సాయంత్రం ఇవేమీ పెట్టొద్దు, ఆదివారం టిఫినయ్యాక పెట్టండి. మొదట్లోనే ఒకే కష్టమున్న లిస్టులు రెండు తయారుచేసుకుని, కొన్ని నెలలయ్యాక రెండోది వాడండి. జవాబులు మధ్యలో చెప్పేస్తే మాత్రం ఆ మాటలు కొట్టేసి కొత్తవి వేసుకోవాలి.