లాగ్ పాఠాలు – 4: ఒకటికి ఎడమవైపు

ఈసారి లాగ్ సూత్రాల నిరూపణలు చేద్దామనుకున్నాను. మీరు పంపిన నోట్‌బుక్ ఫోటోలు చూశాక వాటిని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. లాగ్₂ 32 (2 మీద ఎంత ఘాతం వేస్తే 32 వస్తుందో ఆ సంఖ్య), లాగ్₃ 81 దాదాపు అందరూ చేశారు. లాగ్₂ (1/8) దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. కొందరు 3 అన్నారు, కొందరు ‘విలువ లేదు’ అన్నారు. ఒక అబ్బాయి −3 అని సరిగ్గానే వేసి, దాని మీద రెండు గీతలు గీసి కొట్టేసి, పక్కన ‘లాగ్‌కి మైనస్ రాదు కదా సార్’ అని రాశాడు. సరైన జవాబును తన చేత్తోనే కొట్టేసుకున్నాడే అని బాధేసింది. ‘లాగ్‌కి నెగెటివ్ పనికిరాదు’ అని పోయినసారి ఒక్క ముక్కలో చెప్పి వదిలేసింది నేనే. అందుకే ఈ పాఠమంతా ఆ ముక్క గురించే.

లాగ్₂ 8 = 3లో 8 లోపల పెట్టేది, 3 బయటికి వచ్చేది. లోపల పెట్టేది ధనసంఖ్యే కావాలి. 2 మీద ఏ ఘాతం వేసినా సున్నా రాదు, మైనస్ సంఖ్య రాదు కాబట్టి. బయటికి వచ్చేదానికి ఈ షరతు లేదు. అది ప్లస్ కావచ్చు, సున్నా కావచ్చు, మైనస్ కావచ్చు.

లాగ్ కనబడగానే నేను ‘రెండు మీద ఎంత వేస్తే ఇది వస్తుంది?’ అని చదువుకుంటాను. సూత్రం కంటే నాకు ఇదే నమ్మకం. 1/8 రావాలంటే 2 మీద −3 వెయ్యాలి. లాగ్₅ (1/25) అంటే −2. లాగ్₁₀ 0.001 అంటే −3. లాగ్₂ (−8)కి మాత్రం విలువ లేదు.

ఇంటర్ కెమిస్ట్రీలో పీహెచ్ (ద్రావణం ఆమ్లమో క్షారమో చెప్పే సంఖ్య) లెక్కలు ఈ మైనస్ మీదే నడుస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు 10⁻⁷ మోల్స్. దాని లాగ్ −7. ముందు ఇంకో మైనస్ పెట్టి పీహెచ్ 7 అంటాం. లాగ్ విలువ మైనస్ కాకూడదనుకునే పిల్లలకు అక్కడ ఆ రెండో మైనస్ ఎందుకో అర్థం కాదు.

ఇక గ్రాఫ్. వై = లాగ్₂ ఎక్స్ గీయడానికి ముందు ఎక్స్ విలువలు తీసుకోకండి. ఎక్స్ 3 అని పెడితే లాగ్₂ 3 ఎంతో తెలియక టెన్షన్ పడతారు. ముందు వై తీసుకోండి: −3, −2, −1, 0, 1, 2, 3. వాటికి ఎక్స్ 1/8, 1/4, 1/2, 1, 2, 4, 8. బిందువులను స్కేలుతో కాకుండా చేత్తో కలపండి.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే తప్పు ఇక్కడే. మీలో చాలామంది గీతను (1, 0) దగ్గర మొదలుపెట్టారు. ఇంకొందరు కిందికి తెచ్చి వై-అక్షానికి అతికించేశారు. ఒక సెంటీమీటరు ఒక యూనిట్ అనుకోండి. వై = −4 దగ్గర గీతకూ అక్షానికీ ఎడం 1/16 సెంటీమీటరు, అంటే 0.6 మిల్లీమీటర్లు. −5 దగ్గర 0.3. అక్కడికే పెన్సిల్ గీత మందంలో రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి. −10 దగ్గర ఎడం మిల్లీమీటరులో నూరో వంతు. అయినా ఎడం ఉంది! ఎక్కడైనా తగిలిందంటే అక్కడ 2 మీద ఏదో ఘాతం వేస్తే సున్నా వచ్చిందని ఒప్పుకున్నట్టే. కాబట్టి చివర అక్షానికి దగ్గరగా కిందికి తెచ్చి, బాణం గుర్తు పెట్టి వదలండి.

కుడివైపు గీత పడుకున్నట్టు కనిపిస్తుంది గానీ పైకి ఎక్కుతూనే ఉంటుంది. అదే స్కేలులో 20 సెంటీమీటర్ల ఎత్తుకు చేరాలంటే కుడివైపు 2²⁰ సెంటీమీటర్లు వెళ్లాలి, అంటే 10 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న గ్రాఫ్ కాగితం కావాలి.

ఆధారం, అంటే లాగ్ పక్కన కింద రాసే చిన్న సంఖ్య, 2కు బదులు 1/2 అయితే ఇదే గీత ఎక్స్-అక్షానికి అటువైపు తిరగబడుతుంది.

అభ్యాసం:

ఒకే కాగితం మీద ఆధారం 2, ఆధారం 1/2 గ్రాఫులు రెండూ గీయండి. అవి ఎక్కడ కలుస్తాయో, ఇంకెక్కడా ఎందుకు కలవవో రాయండి.

కాల్కులేటర్ ముట్టుకోకుండా లాగ్₂ 3 విలువ 11/7కూ 8/5కూ మధ్య ఉంటుందని చూపించండి. 3⁷ను 2¹¹తో, 3⁵ను 2⁸తో పోల్చండి. ఒక సాయంత్రం పట్టినా ఫరవాలేదు, కొట్టివేతలతో సహా పంపండి.