బేస్‌మెంట్ బార్‌కు కొత్త ముఖం – 3వ పాఠం: రంగు కంటే ముందు కడగడం

పోయిన పాఠంలో సిమెంటు గోడకూ నేలకూ రెండడుగుల ప్లాస్టిక్ ముక్క అంటించి, చుట్టూ టేపు వేసి రెండు రోజులు వదిలేయమన్నాను. తీసి చూశారా? చెమట గదివైపు పట్టి ఉంటే అది గాలిలో తేమ. డీహ్యూమిడిఫైయర్ పెట్టి 50 శాతం లోపుకి దించితే సరిపోతుంది. గోడవైపు పట్టి ఉంటే మాత్రం నీళ్లు బయటి నుంచి వస్తున్నట్టు. అప్పుడు ఈ పాఠం పక్కన పెట్టి, చూరు నీళ్లు ఇంటికి దూరంగా పోతున్నాయో లేదో చూసుకోండి. తడి గోడ మీద ఎంత ఖరీదైన రంగైనా నిలవదు.

ఇవాళ బార్ ముందు భాగం, వెనక గోడకి కొట్టిన చెక్క పలకలు (ప్యానెలింగ్). న్యూజెర్సీలో మేం కొన్న ఇల్లు 1971లో కట్టింది. ఇలాంటి ఇళ్లలో బేస్‌మెంట్‌కి దిగితే ఎదురయ్యేది ఒకటే దృశ్యం: ముదురు గోధుమరంగు చెక్క, ఇత్తడి కడ్డీ (బార్ రైలు), వెనకాల బంగారు గీతల అద్దాలు. ఫోన్లో చూసి మా అమ్మ మొదట అన్నమాట, "ఇంట్లో బారేంట్రా?" తర్వాత దసరాకి ఆ అరల మీదే బొమ్మల కొలువు పెట్టించింది, అది వేరే సంగతి. చాలామంది చేసే తప్పు దాన్ని పగలగొట్టడం. ఆ చట్రం గట్టిది. మారాల్సింది ముఖమే.

ముందు ఒక జాగ్రత్త. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మీ ఇల్లు అంతకుముందుదై, చెక్క మీద పాత రంగు పూత ఉంటే పరీక్ష చేయించకుండా రుద్దొద్దు. అలాగే నేల మీద తొమ్మిదంగుళాల చదరపు టైల్స్ ఉంటే వాటిలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ప్రమాదమైన ఖనిజపు పీచు) ఉండే అవకాశం ఎక్కువ. వాటిని కదపకండి, విరగ్గొట్టకండి, రుద్దకండి. నేల సంగతి ఐదో పాఠంలో చూద్దాం.

మీ ప్యానెల్ ఏ రకమో తెలుసుకోండి. స్విచ్ పలక విప్పి అంచు చూస్తే తెలిసిపోతుంది. ముడులు (కొమ్మ మొలిచిన చోటి గుండ్రటి మచ్చలు) కనిపించే నిజమైన పైన్ పలకలా, పల్చటి ప్లైవుడ్డా, చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితమా? ఒకే ముడి బొమ్మ నాలుగడుగులకోసారి మళ్లీ వస్తుంటే అది అచ్చు కాగితమే. బార్ ముందు భాగం ఫార్మైకా (మన సన్‌మైకా లాంటి రేకు) కూడా కావచ్చు.

ఇక అసలు పని, కడగడం. యాభై ఏళ్ల సిగరెట్ పొగ, చేతి జిడ్డు, ఫర్నిచర్ పాలిష్ మైనం అన్నీ ఆ చెక్క మీదే ఉన్నాయి. ట్రైసోడియం ఫాస్ఫేట్ పొడి గానీ మంచి డీగ్రీజర్ గానీ గోరువెచ్చటి నీళ్లలో కలిపి, చేతులకి తొడుగులు వేసుకుని, స్పాంజితో కింది నుంచి పైకి తుడవండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు ఎండు చెక్క మీదకి జారి చారలు పడతాయి. మా బకెట్లో నీళ్లు డికాక్షన్ రంగుకి వచ్చాయి, మూడుసార్లు మార్చాను. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ ఊడిపోయిన రంగుల్లో ఎక్కువ భాగం ఊడేది ఇక్కడ బద్ధకించడం వల్లే.

రుద్దడం మెరుపు చంపడానికి మాత్రమే, చెక్క తీసేయడానికి కాదు. చెక్కకి 150 నంబరు సాండ్‌పేపర్, అచ్చు కాగితానికి 220, అదీ చేత్తోనే, తేలిగ్గా. గాడుల్లోకి సాండింగ్ స్పాంజి పోతుంది. ఆ గాడులను పుట్టీతో పూడ్చేయాలన్న కోరిక వస్తుంది, వద్దు. పల్చటి ప్యానెల్ కదిలినప్పుడల్లా ఆ పుట్టీ బీటలిస్తుంది. పైగా రంగు పడ్డాక నిలువు గీతలు బాగానే ఉంటాయి.

ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) దగ్గర నేనొక తప్పు చేశాను. గోడలకి వేసే చవక ప్రైమర్ మిగిలితే అదే పైన్ చెక్కకి వేశాను. వారం తిరక్కుండా ప్రతి ముడీ తెల్లరంగులోంచి గోధుమరంగు కన్నులా నన్నే చూడటం మొదలుపెట్టింది. చెక్కలోని రసం పైకి ఊరడం అది. దాన్ని ఆపేది షెల్లాక్ ప్రైమర్. షెల్లాక్ అంటే మరేం కాదు, మన లక్కే, శుద్ధిచేసి ఆల్కహాల్లో కరిగించింది. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపునిచ్చే పదార్థం కొన్ని వేల మైళ్ల దూరంలో మీ బార్ ముడుల నోరు మూయిస్తుందన్నమాట. ఫార్మైకాకి బాండింగ్ ప్రైమర్ అని అడగండి.

లక్క ఇల్లు ఏమైందో మనకెవరూ చెప్పక్కర్లేదు. ఆ ప్రైమర్లోని ఆల్కహాల్ ఆవిరి త్వరగా అంటుకుంటుంది. వాటర్ హీటర్, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ సాధారణంగా అదే బేస్‌మెంట్‌లో ఉంటాయి. వాటి పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట), బర్నర్ ఆపకుండా డబ్బా మూత తీయొద్దు. కిటికీ తెరిచి, ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి. మామూలు దుమ్ము మాస్క్ దీనికి పనికిరాదు. వాసన పూర్తిగా పోయాకే మంట వెలిగించండి. బ్రష్ కోసం డబ్బు పెట్టకండి, చవకది వాడి పారేయండి.

రంగు కొనేముందు ఒక లెక్క. మా బార్ ముఖం ఎనిమిదడుగుల పొడవు, 42 అంగుళాల ఎత్తు. అంటే 28 చదరపు అడుగులు. రెండడుగుల పక్కలు రెండూ కలిపితే 42. రెండు కోట్లకి 84. ఒక క్వార్ట్ (పావు గ్యాలన్) దాదాపు వంద చదరపు అడుగులకి వస్తుంది కాబట్టి గ్యాలన్ కొనక్కర్లేదు. దుకాణంలో ఎవరో కలిపించుకుని వద్దన్న రంగు డబ్బాలు ఒక మూల సగం ధరకో, ఇంకా తక్కువకో పెడతారు. నా ముదురాకుపచ్చ అక్కడిదే. గోడ రంగు ఇలా కొనొద్దు కానీ, బార్ ముఖానికి పర్లేదు. గోడకి మాత్రం చిన్న నమూనా తెచ్చి, కింద మీ బల్బుల వెలుగులోనే చూడండి. ఎండ రాని చోట చల్లటి తెలుపు బూడిద రంగులా కనిపిస్తుంది.

నీళ్లతో కడుక్కోగల ఎనామిల్, సాటిన్ మెరుపుది అడగండి. గాడుల్లో ముందు బ్రష్‌తో, ఆ వెంటనే నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌తో. ఆరడం మొదలైన చోట మళ్లీ చెయ్యి పెట్టొద్దు, గీతలు పడతాయి. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసినన్ని గంటలు ఆగండి. బేస్‌మెంట్ చల్లగా ఉంటే ఇంకాస్త. పైకి ఆరినట్టున్నా పూర్తిగా గట్టిపడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా కుర్చీలు ఆనించకండి.

ఇత్తడి రైలుకి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది పూత పూసిన ఇనుము, తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. అంటుకోకపోతే నిజమైన ఇత్తడి కావచ్చు. అయినా చింతపండు పెట్టగానే మెరవకపోతే కంగారు పడొద్దు. దాని మీద పారదర్శకమైన వార్నిష్ పూత ఉండి ఉంటుంది. రంగు తీసే ద్రావకంతో ఆ పూత పోయాక, చింతపండు, ఉప్పు, పది నిమిషాలు. తోమి, కడిగి, వెంటనే పొడిగా తుడవండి.

ఈ పాఠానికి నాకు 140 డాలర్ల లోపే అయ్యింది. అందులో మాస్కే పెద్ద ఖర్చు.

వచ్చే పాఠం కౌంటర్ పైపలక. అప్పటికల్లా ఈ మూడు కొలతలు రాసి ఉంచండి: పలక పొడవు, లోతు, కూర్చునేవైపు బయటికి పొడుచుకొచ్చిన భాగం. ఆ మూడోది ఎనిమిదంగుళాల కంటే తక్కువ ఉంటే మోకాళ్లు తగులుతాయి, కొత్త పలక తెచ్చేముందే దాన్ని సరిచేసుకోవాలి.