క్లారినెట్ నాదం చెడిందా? రీడు మార్చే ముందు మౌత్‌పీస్ చూడండి

మాఘ, వైశాఖ మాసాల్లో అనంతపురం చుట్టుపక్కల పెళ్ళి మేళాలకు తీరిక ఉండదు. ఆ రోజుల్లో క్లారినెట్ కీచుమన్నా, గాలి ఎక్కువ పట్టినా మా తోటివారిలో చాలామంది వెంటనే రీడు (ఊదినప్పుడు అదిరి నాదం పుట్టించే పలుచటి రెల్లు పలక) మారుస్తారు, అప్పటికీ సరిపడకపోతే ఇంకొకటి మారుస్తారు. నా అనుభవంలో మాత్రం లోపం రీడు కింద ఉన్న మౌత్‌పీస్‌లో, అంటే నోట పెట్టి ఊదే ముక్కలో, బయటపడిన సందర్భాలే ఎక్కువ.

సమస్య: గాలి ఎక్కువ పడుతోంది, నాదం మూసుకుపోయినట్టు వస్తోంది

రీడు తీసి, మౌత్‌పీస్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కొన వెనుక లోపలికి దిగే వాలును చూడండి. అక్కడ గరుకుగా తెల్లటి పొర కనిపిస్తే కారణం అదే. ఉమ్ములో ఉండే కాల్షియం లవణాలు రోజూ కొంచెం కొంచెంగా అక్కడ గట్టిపడతాయి. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే నీళ్లలోని సున్నం కూడా వాటికి తోడవుతుంది. మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే పొర లాంటిదే ఇది. గాలి మొదట తగిలే చోటే గరుకుదేలితే నాదం స్వచ్ఛంగా పలకదు.

చిన్న గాజు గ్లాసులో వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, మౌత్‌పీస్‌ను కొన కిందికి వచ్చేలా మెల్లగా నిలపాలి. అడుగున మెత్తటి గుడ్డ ముక్క వేస్తే కొనకు దెబ్బ తగలదు. ద్రవం మౌత్‌పీస్ రెండో చివర చుట్టూ అంటించిన కార్కును (బెండు పట్టీని) తాకకూడదు, ఎందుకంటే కార్కు నానితే దాన్ని అంటించిన జిగురు వదులుతుంది. పది, పదిహేను నిమిషాల తర్వాత తీసి, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌పై గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేసి లోపల రుద్దాలి, తర్వాత కడిగి, నూలు గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. పొర ఇంకా మిగిలితే మర్నాడు మళ్ళీ చేయండి గాని, ఒకేసారి గంటల తరబడి నానబెట్టకండి. వెనిగర్ లేనప్పుడు నీళ్లు కలిపిన నిమ్మరసం వాడవచ్చు.

కడిగే నీళ్లు చల్లగా ఉండాలి. వేసవి మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగి ఉంటాయి కాబట్టి కుండ నీళ్లు వాడటం మేలు. వేడికి మౌత్‌పీస్ చేసే ఎబోనైట్ (గట్టి నల్ల రబ్బరు) వంగుతుంది, రంగు కూడా మారుతుంది. ఇత్తడి ట్రంపెట్‌ను చింతపండు, కొబ్బరి పీచుతో తోమే చేత్తోనే దీన్నీ తోమేవారిని చూశాను. పిన్నీసుతో, బ్లేడుతో పొరను గీకేవారినీ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కొనకూ రీడుకూ మధ్య ఉండే సందు దాదాపు ఒక మిల్లీమీటరే. అక్కడ వెంట్రుకంత గీత పడినా పలుకు మారుతుంది.

సమస్య: ఊదుతుండగా కీచుమంటోంది

రీడు తడిపి బిగించి, మౌత్‌పీస్‌ను వాయిద్యం నుంచి వేరు చేయండి. కింది రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసి, నోటితో గాలి లోపలికి పీల్చి పెదవులు తీసేయండి. రీడు ఒకటి రెండు క్షణాలు కొనకు అతుక్కుని ఉండి, తర్వాత టప్‌మని విడిస్తే గాలి ఎక్కడా జారడం లేదని అర్థం. వెంటనే విడిస్తే ముందు రీడు కొన, మౌత్‌పీస్ కొన సమంగా ఉన్నాయో లేదో, రీడు పక్కకు ఒరిగిందో చూడండి. రీడు ఆనే చదునైన భాగంలో జిడ్డు గాని, రీడు పొట్టు గాని ఉంటే తడిగుడ్డతో తుడవండి. రెండు మూడు మంచి రీడులతోనూ టప్‌మనకపోతే కొన అంచు మీద గోటిని అతి తేలికగా నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అంచు విరిగింది. దానికి ఏ కడుగుడూ పనికిరాదు. ఉప్పుకాగితంతో సరిచేయబోతే ఉన్న వంపూ పోతుంది. ఆ పని తెలిసినవారికి ఇవ్వాలి, లేదా కొత్తది కొనాలి.

సమస్య: నలుపు పోయి పచ్చబారింది, నోట పెడితే చేదు

కొన్నేళ్ల కిందట ఒక వేసవంతా నా మౌత్‌పీస్‌ను మేళం టెంపోలో ముందరి అద్దం దగ్గరే ఉంచాను. శ్రావణం పెళ్ళిళ్లు వచ్చేసరికి అది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగి, పెదవికి తగలగానే గంధకం వాసన కొట్టింది. రబ్బరులో గంధకాన్ని దండిగా కలిపి కాచి ఎబోనైట్ చేస్తారు. ఎండ, తేమ తగిలితే ఆ గంధకం పైకి తేలి పుల్లబారుతుంది. సబ్బు నీళ్లతో కడిగితే చేదు కొంత తగ్గుతుంది గాని, పోయిన నలుపు తిరిగి రాదు. చేదు తగ్గకపోతే మార్చడమే మంచిది. ప్లాస్టిక్ మౌత్‌పీస్‌కు ఈ బాధ లేదు, వేడికి వంగే గుణం మాత్రం ఉంది.

సమస్య: దుర్వాసన, నల్లటి మచ్చలు

రీడును తడిగానే బిగించి పెట్టెలో మూసినందువల్ల పట్టే బూజు ఇది. మచ్చలు పడిన రీడును పారేసి, మౌత్‌పీస్‌ను పైన చెప్పినట్టు కడగండి. ఊరేగింపు అర్ధరాత్రి ముగిసినా సరే, పెట్టె మూసే ముందు రీడు తీసి, రెండింటినీ విడివిడిగా తుడవాలి. గొట్టంలో లాగే బరువు కట్టిన గుడ్డను మౌత్‌పీస్‌లోంచి లాగకండి. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి అంచులు అరుగుతాయి.

సమస్య: బ్యారెల్‌లో (మౌత్‌పీస్ ఎక్కించే పొట్టి గొట్టంలో) వదులుగా లేదా బిగుసుగా ఉంది

మన ఎండలకు కార్కు ఎండి కుంచించుకుపోతుంది. వదులైతే ఆ పూటకు పలుచటి కాగితం ఒక చుట్టు చుట్టి గడపవచ్చు, తర్వాత కార్కు మార్పించాలి. బిగుసుగా ఉంటే కార్కు గ్రీజు కొంచెం రాసి, తిప్పుతూ ఎక్కించాలి. రాత్రంతా బ్యారెల్‌కే తగిలించి ఉంచితే కార్కు అణిగిపోతుంది కాబట్టి వాయించడం అయ్యాక విడదీసి పెట్టండి.