కోర్సు మధ్యలో మానేశాక ఫీజు బకాయి ఉందంటూ మెయిల్ వస్తే

క్లాసులకి వెళ్లడం ఆపేసినంత మాత్రాన కోర్సు మానేసినట్టు కాదు, ముందు ఇది బుర్రలోకి ఎక్కించుకోండి. నేను రెండో సెమిస్టర్ మొదట్లోనే రూమ్ ఖాళీ చేసి వచ్చేశా, ఎవరికీ చెప్పలేదు, యూనివర్సిటీ రికార్డుల్లో మాత్రం ఇంకా స్టూడెంట్‌నే, మూడు నెలలకి సెమిస్టర్ మొత్తం ఫీజుకి బిల్లు పంపారు. భయమేసి ఆ మెయిల్ వారం రోజులు ఓపెన్ కూడా చేయలేదు, అది ఇంకో తప్పు.

ఇంకా విత్‌డ్రాయల్ ఫారం (కోర్సు మానేస్తున్నానని రాసిచ్చేది) ఇవ్వకపోతే ఇవాళే ఇచ్చి, అందినట్టు రిప్లై తీసుకోండి. ఎందుకంటే బిల్లు మీరు విన్న క్లాసుల్ని బట్టి రాదు, రికార్డులో పడిన తేదీని బట్టి వస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ స్టూడెంట్ లోన్ ఉన్నవాళ్ల ట్యూషన్ ఫీజు మూడు టర్ముల్లో 25, 25, 50 శాతం చొప్పున వెళ్తుంది కాబట్టి రెండో టర్మ్‌లో మానేస్తే మామూలుగా సగం మీ మీద పడుతుంది. ఆస్ట్రేలియాలో సెన్సస్ డేట్ అని ఉంటుంది, అది దాటితే ఆ సబ్జెక్ట్ ఫీజు కట్టాల్సిందే. ఇండియాలో 2018 యూజీసీ రూల్స్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపైతే 80 శాతం, 30 రోజుల్లోపైతే 50 శాతం వెనక్కిస్తారు, ఆ తర్వాత ఏమీ రాదు (ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు, ఇది గట్టిగా అడగొచ్చు). అమెరికాది ఇంకో తలనొప్పి, టర్మ్‌లో 60 శాతం దాటకముందే వెళ్లిపోతే ఫెడరల్ ఎయిడ్‌లో (అక్కడి ప్రభుత్వం ఇచ్చే లోన్లు, గ్రాంట్లు) మిగిలిన రోజుల వాటా వెనక్కి పోతుంది, కాలేజీ తన ఫీజు తగ్గించకపోతే ఆ లోటంతా మీ పేరు మీద బాకీగా చూపిస్తారు. లోన్ వచ్చింది కదా మళ్లీ ఈ బాకీ ఏంటి అని చాలామంది తికమకపడేది ఇక్కడే.

అంటే అప్పులు రెండు, కలిపి చూడొద్దు. లోన్ ఇచ్చినవాళ్లు కొంచెం టైమ్ ఇస్తారు, అమెరికా ఫెడరల్ లోన్లకి మామూలుగా 6 నెలలు, ఇంగ్లండ్‌లో అయితే ఆదాయం ఒక స్థాయి దాటితేనే లోన్ కింద జీతంలో కోత మొదలవుతుంది. యూనివర్సిటీ బిల్లుకి ఆ వెసులుబాటు లేదు, వాళ్లకి ఇప్పుడే కావాలి.

తర్వాత అకౌంట్స్ వాళ్లని ఏ ఫీజు ఎంతో విడివిడిగా చూపించే స్టేట్‌మెంట్ అడగండి. మొత్తం అంకె ఒక్కటే పంపితే ఒప్పుకోవద్దు. నా స్టేట్‌మెంట్‌లో అసలు మొదలే కాని ల్యాబ్‌కి ఫీజు వేశారు, అడిగితే తీసేశారు, అడక్కపోతే కట్టేసేవాణ్ణి. స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకున్నారా, హాస్టల్ డబ్బులు, లేట్ ఫీజులు కలిపేశారా చూడండి. మానేసిన తేదీ తప్పుంటే చివరిసారి అసైన్‌మెంట్ పెట్టిన రోజు, పోర్టల్‌లో లాగిన్ అయిన రోజు, ఖాళీ చేసిన రూమ్ కాగితం, ఇలా ఏది దొరికితే అది చూపించి తేదీ వెనక్కి జరపమనండి. జబ్బు చేసో, ఇంట్లో ఎవరైనా పోయో మానేసుంటే అప్పీల్‌కి దారి ఉందేమో కనుక్కోండి, డాక్టర్ కాగితాలు జతచేసి అరపేజీలో రాయండి, కథ పెద్దది చేస్తే ఎవరూ చదవరు.

మిగిలింది వాయిదాల్లో కడతానని మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు. కడుతున్నన్నాళ్లు లేట్ ఫీజు వేయం, కలెక్షన్ ఏజెన్సీకి (బాకీలు వసూలు చేసేవాళ్లకి) ఇవ్వం అని రాసివ్వమనండి. మొహమాటానికి పోయి పెద్ద వాయిదా ఒప్పుకోకండి, ఒక్కటి తప్పితే ప్లాన్ మొత్తం రద్దు చేసేస్తారు. క్రెడిట్ కార్డు గీకి వదిలించుకుందాం అనుకుంటే వడ్డీ లేని బాకీని వడ్డీ ఉన్న బాకీగా మార్చుకున్నట్టే. వేరే చోట చేరాలంటే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) కావాలి కదా, ఎంత కడితే వదులుతారో ముందే అడగండి.

ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తే వెంటనే డబ్బు పంపొద్దు, యూనివర్సిటీని అడిగి నిజంగా వాళ్లకే ఇచ్చారో లేదో కనుక్కోండి. అమెరికాలో అయితే బాకీ వివరాల నోటీసు అందాక 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే, రుజువు చూపించేదాకా వసూలు ఆపాలి.

అంతా కట్టాక బాకీ సున్నా అని లెటర్ తీసుకోండి. నేను కట్టేసిన రెండేళ్లకి ఇంకో ఏజెన్సీ అదే బాకీ అడిగింది, ఆ పీడీఎఫ్ పంపా, మళ్లీ ఫోన్ రాలేదు.