మద్యం విత్‌డ్రాయల్: సైకియాట్రీ పీజీలకు వార్డులోనే నేర్పడం ఎలా?

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో వచ్చే ఇబ్బందులే విత్‌డ్రాయల్. వ్యసన చికిత్స క్లాసులో వింటే రాదు. మొదటి ఏడాది పీజీకి ఒక రోగిని అప్పగించి, అడ్మిషన్ నుంచి కనీసం 72 గంటలు వరసగా చూడనివ్వండి. తాగుడు ఆపాక 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, 48 నుంచి 96 గంటల్లో డెలీరియం ట్రెమెన్స్ (వణుకుతో పాటు మతి తప్పే తీవ్ర దశ) రావచ్చు. అందుకే కేసు షీటులో మొదటి లైను ‘చివరిసారి ఎప్పుడు తాగారు?’

‘రోజూ ఎంత?’ అంటే ‘కొంచెమే సార్’ అంటారు. సీసాల లెక్కన అడిగించండి. 180 మి.లీ. విస్కీ క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే డ్రింకుకు 10 గ్రాముల లెక్కన ఆరు డ్రింకులు. ఇంటివాళ్లను విడిగా అడగాలి.

తెలంగాణలో కల్లు గురించి అడక్కపోతే హిస్టరీ సగమే. ‘మందు ముట్టను, కల్లే తాగుత’ అన్న మనిషికి ‘మద్యం అలవాటు లేదు’ అని రాసేస్తారు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు ఉండొచ్చు, వాటికీ విత్‌డ్రాయల్ ఉంటుంది. మద్యం విత్‌డ్రాయల్‌కు ఇచ్చే ఐదు రోజుల మందుల కోర్సుతో పంపేస్తే ఇంటికెళ్లాక ఫిట్స్ రావచ్చు. ఇక్కడ చికిత్సకు ఇచ్చే మత్తుమందు డోసు వారాల తరబడి తగ్గించాలి. మామూలు యూరిన్ స్ట్రిప్ క్లోరల్ హైడ్రేట్‌ను పట్టదు, నెగెటివ్‌ను నమ్మొద్దు.

విత్‌డ్రాయల్ తీవ్రతను కొలిచే సీఐడబ్ల్యూఏ-ఏఆర్ స్కేలు (10 అంశాలు, గరిష్ఠం 67) ఇద్దరు పీజీలతో ఒకే రోగికి విడివిడిగా వేయించండి. తేడా ఎక్కువగా వస్తే చేతులు చాపించి, వేళ్లు విడదీయించి వణుకు మళ్లీ చూపించండి. పల్స్, బీపీ ఈ స్కోరులో లేవు, పక్కన రాయాలి. మతి తప్పిన రోగికి ఈ స్కోరు పనికిరాదు. హెపాటిక్ ఎన్‌కెఫలోపతీని (లివర్ చెడి మతి తప్పడాన్ని) విత్‌డ్రాయల్ అనుకొని మత్తుమందు పెంచుకుంటూ పోవడం ప్రమాదకరమైన పొరపాటు.

విత్‌డ్రాయల్ చికిత్సకు వాడే మత్తుమందుల్లో డైజెపాం, క్లోర్‌డయాజిపాక్సైడ్ లివర్ దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పేరుకుపోతాయి, వాళ్లకు లొరాజెపాం మేలు. వెర్నికీ (థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినడం) అనుమానం ఉంటే థయమిన్ (విటమిన్ బీ1) 500 మి.గ్రా. ఐవీ, రోజుకు మూడుసార్లు. గ్లూకోజ్ బాటిల్ దానికంటే ముందు ఎక్కకూడదు. షుగర్ పడిపోతే మాత్రం ఆగకుండా రెండూ కలిపి ఇవ్వాలి.

డిశ్చార్జ్ మాటలు రోల్‌ప్లేలో సాధన చేయించండి. డైసల్ఫిరాం అంటే, వేసుకున్నాక తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర. భార్య పాత్ర సీనియర్‌ది: ‘ఆయనకు తెలియకుండా అన్నంలో డైసల్ఫిరాం కలిపి పెడతా, రాసివ్వండి డాక్టర్ గారూ.’ పీజీ కుదరదని చెప్పాలి, కారణమూ చెప్పాలి. విషయం తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోగి ఒప్పుకున్నా, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు దాటాకే మొదటి మాత్ర.