ఆడవాళ్ల క్రిస్మస్ జరుపుకోవడం ఎలా?

క్రిస్మస్ నాడు ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరో, అందరూ తిన్నాక తినేదెవరో వేరే చెప్పనక్కర్లేదు. ఐర్లండ్‌లో, ముఖ్యంగా కార్క్, కెర్రీ ప్రాంతాల్లో, ఆ మనిషి కోసం ఒక రోజుంది: జనవరి 6, నొల్లగ్ నా మన్, అంటే ఆడవాళ్ల క్రిస్మస్. ఆ రోజు ఇంటిపని మగవాళ్లు చూసుకునేవాళ్లు. ఆడవాళ్లు ఒకరింటికొకరు వెళ్లి టీ తాగుతూ కబుర్లలో పడేవాళ్లు. ఇప్పుడు స్నేహితురాళ్లంతా కలిసి హోటల్‌కు వెళ్తున్నారు. దీన్ని మనమూ చేసుకోవచ్చు.

ముందు తేదీ అనుకోండి. డిసెంబర్ 25 జోలికి పోవద్దు, ఆ రోజు ఇల్లు మిమ్మల్ని వదలదు. జనవరి 6 ఎపిఫనీ, అంటే జ్ఞానులు బాల యేసును చూడవచ్చినదాన్ని తలుచుకునే పండుగ. ఐర్లండ్‌లో క్రిస్మస్ అలంకరణలు తీసేసేది కూడా ఆనాడే. అప్పటికి చుట్టాల హడావిడి తగ్గుతుంది.

తర్వాత పిలుపులు. నలుగురైదుగురు చాలు. ఒంటరిగా ఉంటున్న ఆవిడను, ఈ ఏడాది తల్లినో భర్తనో పోగొట్టుకున్న ఆవిడను, చంటిబిడ్డ తల్లిని ముందు గుర్తుచేసుకోండి.

అసలు కష్టమంతా ఇంటిపని అప్పజెప్పడంలోనే ఉంది. "కాస్త సాయం చేస్తారా?" అని అడగకండి. సాయం అన్నారంటే బాధ్యత మళ్లీ మీ నెత్తినే. "ఆరో తేదీ ఇల్లు నీది, నేను రాత్రికి వస్తాను" అని వారం ముందే చెప్పండి. పిల్లలకో పెద్దవాళ్లకో మందులుంటే ఏది ఎప్పుడు, ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసివ్వండి. అంతే. ఏం వండాలో, గిన్నెలు ఎవరు తోమాలో వాళ్లే తేల్చుకోవాలి. ముందురోజే అన్నీ వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లారా, పని తగ్గినట్టు కాదు, ఒకరోజు ముందుకు జరిగినట్టు. "ఉప్పు డబ్బా ఎక్కడ?" అని ఫోన్ వస్తుంది. "వెతికితే దొరుకుతుంది" అని పెట్టేయండి. తిరిగొచ్చేసరికి సింకులో గిన్నెలు కనిపించినా చెయ్యి పెట్టకండి. ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా పెట్టకండి.

కలవడం బయటైతేనే మేలు. ఎవరింట్లోనైనా అయితే ఆ ఇంటావిడ ఇల్లు సర్దకూడదు, వంట చేయకూడదు. తిండి కొని తెచ్చుకోండి, వెళ్లేముందు ఎవరి కప్పు వాళ్లు కడగండి. కానుకలు వద్దు, అవి మళ్లీ షాపింగ్ పనే. ఖర్చు ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకుంటే డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లు మొహమాటపడరు.

ఆ కాసేపటికి కార్యక్రమమంటూ ఏదీ పెట్టుకోవద్దు. పాడాలనిపిస్తే పాడండి, ప్రార్థన చేసుకోవాలనిపిస్తే చేసుకోండి. ఎవరైనా ఏడిస్తే ఓదార్చే తొందరలో మాట మార్చకండి, చెప్పనివ్వండి. సలహా అడిగినప్పుడు ఇస్తే చాలు.

లేచే ముందు వచ్చే ఏడు టేబుల్ బుక్ చేసే బాధ్యత ఎవరిదో తేల్చుకోండి. ఈసారి అందరికీ ఫోన్లు చేసి కూడగట్టిన ఆవిడకు మాత్రం మళ్లీ అప్పగించకండి.