ట్రాలీలో బైకు ఒరుగుతోందా? ఏం కదిలిందో ముందు చూడండి

హైదరాబాద్‌లో కొన్న పాత బుల్లెట్‌ను హన్మకొండకు తెచ్చుకోవాలన్నా, రూమ్ ఖాళీ చేసి సామానుతో పాటు స్ప్లెండర్‌ను పంపాలన్నా, ఆగిపోయిన బైకును పరకాల నుంచి వరంగల్ ఆటోనగర్‌కు చేర్చాలన్నా మనకు దొరికేది టాటా ఏస్, లేదంటే బొలెరో పికప్. సామాను ఎక్కువైతే డీసీఎం. అమెరికాలో బైకులు తీసుకెళ్లడానికే తయారుచేసిన ట్రైలర్లు ఉంటాయి. వాటి నేలలో తాళ్లు కట్టే రింగులు ముందే బిగించి ఉంటాయి. మన ట్రాలీలో ఇనుప రేకు, పక్కన నాలుగు కొక్కేలు, డ్రైవర్ సీటు వెనక ఒక నైలాన్ తాడు ఉంటాయి. వీటితోనే బైకును గీత పడకుండా చేర్చవచ్చు, కట్టే పద్ధతి తెలిస్తే.

దారిలో బైకు పడిపోయిందంటే తాడు తెగి ఉంటుందని అందరూ అనుకుంటారు. తెగడం అరుదు. వదులవడమే ఎక్కువ. తాడు వదులైందంటే ఏదో ఒకటి జరిగిందని అర్థం: స్టాండ్ పక్కకు పోయింది, స్ప్రింగ్ కిందికి దిగింది, తాడు సాగింది, కింద వేసిన గోనె సంచి అణిగింది. అది కనిపెట్టకుండా మళ్లీ గుంజి కడితే పది కిలోమీటర్లకు మళ్లీ అదే పరిస్థితి.

జనగామ చేరేలోపే బైకు ఒక పక్కకు ఒరిగింది

మొదట స్టాండ్ చూడండి. సైడ్ స్టాండ్ వేసి కట్టారంటే కారణం అక్కడే ఉంది. బరువంతా ఒక పక్కకు వాలి, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ స్టాండ్ కాలు రేకు మీద కొంచెం జరుగుతుంది. జరిగిన కొద్దీ ఒరిగిన పక్క తాడు వదులవుతుంది. సెంటర్ స్టాండ్ వేస్తే గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. కానీ డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేస్తే బైకు ముందుకు తోసుకుపోతుంది, సెంటర్ స్టాండ్ మడుచుకునేది కూడా బైకు ముందుకు కదిలినప్పుడే. కాబట్టి ఏ స్టాండూ వద్దు. రెండు చక్రాలూ నేల మీద ఉండాలి, హ్యాండిల్ నిటారుగా ఉండాలి, బైకు ఫస్ట్ గేరులో ఉండాలి. హ్యాండిల్ లాక్ వేయకండి. లాక్ పడితే చక్రం ఒక పక్కకు తిరిగి ఉంటుంది, అప్పుడు రెండు వైపులా తాడు సమానంగా లాగదు.

స్టాండ్ లేకుండా బైకును నిలబెట్టేది ముందు ఫోర్కుల్లోని (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాల్లోని) స్ప్రింగ్. అసలు విషయం ఇదే, కాస్త నెమ్మదిగా చదవండి. ముందు వైపు రెండు తాళ్లను కిందికి, ముందుకు, కొంచెం బయటికి లాగి కడితే ఫోర్కులు కిందికి అణుగుతాయి. ఫోర్కు మొత్తం దిగగలిగినంతలో మూడో వంతు నుంచి సగం దాకా అణిగితే చాలు. అణిగిన స్ప్రింగ్ ఎప్పుడూ పైకి తోస్తుంటుంది, తాళ్లు ఎప్పుడూ బిగువుగా ఉంటాయి. గుంతలో పడి ట్రాలీ ఎగిరినా బిగువు పోదు. ఫోర్కు అణగకుండా ఊరికే చుట్టి కడితే మొదటి గుంతకే తాడు లూజ్.

తాడు ఎక్కడ కట్టాలి? హ్యాండిల్ చివర రబ్బరు గ్రిప్‌కు కడితే గ్రిప్ తిరుగుతుంది, యాక్సిలరేటర్ పట్టుకుంటుంది, హ్యాండిల్ కూడా వంగవచ్చు. మెకానిక్‌లు అండర్ టీ అంటారు, అంటే హెడ్‌లైట్ కింద రెండు ఫోర్కులనూ పట్టి ఉంచే దిమ్మె. దాని మీదుగా మెత్తని పట్టీని ఉచ్చులా తిప్పి, ఆ ఉచ్చులో తాడో, బెల్ట్ కొక్కెమో తగిలించాలి. బ్రేక్ పైపు, క్లచ్ వైరు ఆ ఉచ్చులో చిక్కుకోలేదని వేలితో తడిమి చూడాలి.

తాడు నేలతో 45 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. మరీ పడుకున్నట్టు 30 డిగ్రీల్లో ఉంటే మీరు లాగిన బలంలో సగమే కిందికి పనిచేస్తుంది. మరీ నిటారుగా ఉంటే కిందికి బాగానే అణుగుతుంది, పక్కకు ఒరగకుండా పట్టే బలం ఉండదు.

ఇక తాడు. నైలాన్ సాగుతుంది, వానలో తడిస్తే ఇంకా సాగుతుంది. సైకిల్ ట్యూబు ముక్కలు హెల్మెట్ కట్టడానికి సరిపోతాయి, బైకుకు కాదు. నాలుగు రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తే క్లిక్కుమంటూ బిగుసుకునేవి) కొనుక్కోవడం మంచిది. అంచున కుట్టిన లేబుల్ రంగు చూసి కొనండి: యూరప్ ప్రమాణం ప్రకారం నీలం పాలిస్టర్, ఆకుపచ్చ నైలాన్, గోధుమ రంగు పాలీప్రొపిలీన్. నీలం తీసుకోండి, తక్కువ సాగుతుంది. ఎల్‌సీ (LC) అంటే ఆ బెల్టు తట్టుకునే లాగుడు, దాని పక్కనున్న అంకెను కిలోలుగా లెక్కేసుకోవచ్చు.

బెల్టు లేదు, తాడే ఉందంటే లారీ క్లీనర్లు కట్టే పద్ధతిలో కట్టండి. తాడు మధ్యలో ఒక ఉచ్చు చేసి, కొసను కొక్కెం కిందుగా తిప్పి, మళ్లీ పైకి తెచ్చి ఆ ఉచ్చులోంచి కిందికి గుంజాలి. చేతి బలం రెట్టింపుకు దగ్గరగా పనిచేస్తుంది. గుంజిన చోటే వేలితో నొక్కి పట్టి ముడి వేయాలి.

బిగించేటప్పుడు ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు పోకండి. ఎడమ పక్క రెండు క్లిక్కులు, కుడి పక్క రెండు క్లిక్కులు, అలా మార్చుకుంటూ పోవాలి. ఎదురుగా నిలబడి చూస్తే బైకు నిటారుగా ఉండాలి. చివరికి హ్యాండిల్ పట్టి గట్టిగా ఊపండి. బైకు ఒక్కటే ఊగితే ఇంకా బిగించాలి. బైకుతో పాటు ట్రాలీ కూడా ఊగితే కట్టు కుదిరినట్టే.

ముందు చక్రం జారుతోంది, పక్కకు తిరుగుతోంది

ఇనుప రేకు మీద ఇసుకో, వాననీళ్లో, మిరపకాయల దుమ్మో ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ నుంచి ఖాళీగా తిరిగొచ్చే ట్రాలీ మాట్లాడుకుంటే ముందు ఊడ్పించండి. చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, మధ్యలో పాత టైరు పడుకోబెట్టి దాని బొక్కలో చక్రం దించితే అటూ ఇటూ పోదు. లేదంటే చక్రానికి రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి వాటిని తాడుతో బిగించాలి. ఇటుకలు వాడకండి, దారిలో పొడి అవుతాయి. కింద మెత్తగా ఉంటుందని గోనె సంచుల మడత మీద బైకు నిలబెడతారు కొందరు. అది గంటలో అణిగిపోతుంది, దాంతో నాలుగు తాళ్లూ ఒకేసారి లూజవుతాయి. సంచులు పక్కలకు వాడండి, చక్రం కింద వద్దు.

వెనక చక్రం ఎగురుతోంది

ముందు మాత్రమే కట్టి వదిలేసినప్పుడు ఇలా అవుతుంది. వెనక క్యారియర్ గొట్టానికో, చట్రానికో రెండు వైపులా బెల్టు తగిలించి కిందికి, కొంచెం వెనక్కి లాగాలి. ముందు అణచినంత అణచక్కర్లేదు, ఎగరకుండా పట్టుకుంటే చాలు. సైలెన్సర్‌కు తాడు తగలకూడదు. ఇండికేటర్, సీటు ప్లాస్టిక్, చక్రం పుల్లలకు కట్టకూడదు.

స్కూటీలకు గేరు ఉండదు కాబట్టి ఎడమ చేతి బ్రేక్ లీవర్‌ను రబ్బరు పట్టీతో గట్టిగా చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ కవర్ మీద బరువు పడకుండా పట్టీ ఎటు పోతుందో చూసుకోవాలి.

"నేను వెనక కూర్చుని పట్టుకుంటలే అన్నా"

ప్రతి ఊళ్లో ఈ మాట వినిపిస్తుంది, ఇంట్లో చిన్నోడో, స్నేహితుడో ట్రాలీ ఎక్కి కూర్చుంటాడు. ఇది నాకు భయం వేసే విషయం. సరుకు కట్టేటప్పుడు ముందుకు దాని బరువులో 80 శాతం, పక్కలకు 50 శాతం తోపు వస్తుందని లెక్కేసి కట్టాలని యూరప్ ప్రమాణాలు చెబుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. సడెన్ బ్రేక్ పడితే 150 కిలోలకు పైగా తోపు. ఆ తోపును ఏ మనిషీ చేతులతో ఆపలేడు, పైగా బైకుకూ క్యాబిన్ గోడకూ మధ్య ఇరుక్కుంటాడు. మనిషి పట్టుకోవాల్సి వస్తోందంటే కట్టు సరిగా లేదనే. విప్పి మళ్లీ కట్టండి, అతన్ని డ్రైవర్ పక్కన సీట్లో కూర్చోబెట్టండి. సీటు లేకపోతే బస్సులో రమ్మనండి.

తెల్లారి చూస్తే ఫోర్కుల దగ్గర ఆయిల్

భయంకొద్దీ బెల్టును చివరి క్లిక్కు దాకా బిగించినప్పుడు వచ్చే సమస్య ఇది. ఫోర్కు పూర్తిగా అడుగంటితే గుంత దెబ్బ మొత్తం లోపలి ఆయిల్ సీలు మీద పడుతుంది. ముందు మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య కొంత సందు మిగలాలి. అలాగే చేరిన వెంటనే బెల్టులు వదులు చేయండి, రాత్రంతా అణిచి ఉంచవద్దు. సీలు కారడం మొదలైతే మార్పించడమే మార్గం.

గీతలు, వంగిన లీవర్లు

తాడు ట్యాంకుకు రాసుకుంటే దుమ్ముతో కలిసి పెయింట్ పోతుంది. తాకే ప్రతి చోటా పాత దుప్పటి ముక్క పెట్టండి. రెండు మూడు బైకులు ఎక్కిస్తే ఒకదాన్ని ముందుకు, పక్కదాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టాలి, హ్యాండిళ్లు తగలవు. దేనికది విడిగా కట్టాలి. అన్నిటికీ కలిపి ఒకే తాడు వేస్తే ఒకటి ఒరిగినప్పుడు మిగతావి కూడా పోతాయి. అద్దాలు విప్పి సంచిలో వేసుకోండి. కొక్కెం అంచు తుప్పు పట్టి పదునుగా ఉంటే బెల్టును అక్కడే కోస్తుంది, అడ్డంగా ట్యూబు ముక్క చుట్టండి.

పెట్రోల్ వాసన

పాత కార్బొరేటర్ బైకుల్లో పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ ఆపే మీట) ఆఫ్ చేయకపోతే కుదుపులకు పొంగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బైకుల్లో చాలావాటికి ఆ కాక్ ఉండదు, కాబట్టి ట్యాంకులో తక్కువ పెట్రోల్ ఉంచడమే ఉపాయం. మే నెల ఎండలో నిండు ట్యాంకుతో ఎక్కించవద్దు. వాసన వస్తుంటే ముందు ట్రాలీ ఆపించి, సిగరెట్లు పక్కన పెట్టించి, ఆ తర్వాత చూడండి.

ట్రాలీ తోక ఊపుతోంది, స్టీరింగ్ తేలిగ్గా ఉంది అని డ్రైవర్ అంటే

బరువు వెనక ఎక్కువైంది. టాటా ఏస్ డెక్ పొడవు దాదాపు 7 అడుగులు. స్ప్లెండర్ 2 మీటర్లు, సరిపోతుంది. బుల్లెట్ అయితే అంచు దాకా వస్తుంది, కొంచెం ఏటవాలుగా నిలబెట్టాలి. వెనక డోరు తెరిచి చక్రం బయటికి వేలాడదీయడం మానండి. సరుకు బాడీ దాటి బయటికి వస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది. అది పక్కన పెట్టినా, వెనక వచ్చే వాళ్లకు చీకట్లో ఆ చక్రం కనిపించదు.

ఇంటి సామాను కూడా ఉంటే బియ్యం బస్తాలు, బీరువా లాంటి బరువైనవి ముందు, కింద పెట్టి, వాటిని బైకుతో కలపకుండా విడిగా కట్టాలి. బైకుకు ఆనించి పేర్చకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, ఫ్రిజ్ నిలబెట్టే ఉంచాలి. బ్యాటరీ, సిలిండర్ రెండూ బైకుకు దూరంగా ఉండాలి.

అంతా సరిగ్గా కట్టాక కూడా

మొదటి పది కిలోమీటర్లలో ముడులు, బెల్టులు సర్దుకుంటాయి. హన్మకొండ నుంచి హైదరాబాద్ వైపు వెళ్తే మడికొండ దగ్గర ఒకసారి, తర్వాత కోమల్ల టోల్ ప్లాజా దాటాక ఒకసారి చూడండి. కరీంనగర్ దారిలో అయితే ఎల్కతుర్తి దగ్గర. "అన్నా, జరసేపు పక్కకు ఆపు, తాడు చూసుకుంట" అని బయల్దేరేటప్పుడే చెప్పి ఉంచితే డ్రైవర్ విసుక్కోడు.

దింపేటప్పుడు వెనక బెల్టులు ముందు విప్పాలి. ముందు బెల్టులు విప్పేటప్పుడు ఒకరు హ్యాండిల్ పట్టుకునే ఉండాలి, అణిగిన స్ప్రింగ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. వాలుగా వేసిన పలక మీదుగా వెనక్కి దించేటప్పుడు బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది, అందుకే ముందు బ్రేక్ పట్టినా చక్రం జారుతుంది. ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేరులోనే ఉంచి, క్లచ్ పట్టి కొద్దిగా దించండి. ఆపాలనుకున్నప్పుడు క్లచ్ వదిలితే వెనక చక్రం పట్టేస్తుంది. పలక పక్కన, బైకు ఒరిగితే పట్టడానికి ఇంకొకరు నిలబడాలి.